పట్టుకు రంగు పట్టాలంటే

మా అన్నయ్య కూతురు భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మా వదిన కటక్ అమ్మాయి కావడం వల్ల ఆ ఇంట్లో ఎక్కువగా వినిపించేది ఒడియానే. నాయనమ్మ ఉన్నంతకాలం ఆ పిల్ల ఆవిడతో తెలుగులో మాట్లాడేది. ఆవిడ పోయాక తెలుగు వినడానికే తప్ప అనడానికి లేకుండా పోయింది. అలాంటిది ఈ ఏడాది తెలుగు రాయడం నేర్చుకొని తీరుతానని పట్టు పట్టి, రోజూ రాత్రి నాకు ఫోనులో నాలుగైదు వాక్యాలు రాసి పంపుతోంది. నేను బరంపురంలో కూర్చొని వాటిని దిద్ది తిరిగి పంపుతున్నాను. స్నేహితురాళ్ళతో విశాఖపట్నం వెళ్ళిన రోజున తను రాసిన వాక్యం ఇది: "అత్తా, రైల్లో విశాఖకు ఏడు గంటలు పడింది."

నవ్వొచ్చిన మాట నిజమే గాని, తప్పు ఎక్కడుందో చెప్పబోయేసరికి నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ పిల్ల తర్కంలో లోపం లేదు. వాన పడుతుంది అంటాం, మర్నాడు వాన పడింది అంటాం. పండు పడుతుంది, పడింది. అదే వరుసలో ఏడు గంటలు పడుతుంది అని అందరూ అంటుండగా విన్న పిల్ల ఏడు గంటలు పడింది అని రాయడంలో ఆశ్చర్యమేముంది? 'పట్టింది' అని ఎందుకు అనాలో, ఆ 'ట్ట' ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లకు చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది. ఆ వారం రోజులూ నేను కాగితం మీద రాసుకున్నదంతా ఈ ఒక్క మాట గురించే.

కొట్టు అనే క్రియను వర్తమానంలోకి తెస్తే కొడతాడు అవుతుంది. కట్టు కడతాడు, పెట్టు పెడతాడు, తిట్టు తిడతాడు, పుట్టు పుడతాడు. ద్విత్వ టకారం సడలి డకారమవుతుంది, గతకాలంలోకి వెళ్ళగానే మళ్ళీ బిగుసుకుంటుంది. పట్టు కూడా ఆ దారినే వెళ్ళి పడతాడు అవుతుంది. అయితే దాని దురదృష్టం కొద్దీ అక్కడ అప్పటికే 'పడు' అనే మరొక క్రియ కూర్చొని ఉంది. చేపలు పడతాడు అన్నా, కింద పడతాడు అన్నా వర్తమానంలో ఒకటే రూపం. గతంలో మాత్రం ఒకడు చేపలు పట్టాడు, మరొకడు కింద పడ్డాడు. గ్రాంథిక భాషలో ఈ చిక్కు లేదు. అక్కడ పట్టుచున్నాడు, పడుచున్నాడు అని రెండూ విడివిడిగానే ఉంటాయి. కలిపినది నోటి భాష. నోటి భాషే రాతకు తగిన భాష అని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పినది ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా పొరుగు జిల్లా పట్టణం పర్లాకిమిడిలోనే. ఆయన పక్షాన నిలబడేదాన్నే నేను కూడా, కానీ ఆ వారం మాత్రం పాత పండితుల మీద కొంచెం జాలి కలిగింది.

ఏ క్రియో తెలియనప్పుడు దాన్ని గతకాలంలో పెట్టి చూడమని మా పిల్లకు సూత్రం చెప్పాను. వ్యతిరేకంలో పెట్టినా తేలిపోతుంది. పాలు కొందరికి పడవు, అంటే వారి ఒంటికి సరిపడవు. ఇల్లు కొందరికి పట్టదు, అంటే ఇంటి మంచిచెడ్డలు వారి తలకెక్కవు. నాకు వాడితో పడదు అన్నవాడు ఇంకా కోపంతో ఉన్నాడు కనుక రాజీకి ఆశ ఉంది. వాడి సంగతి నాకు పట్టదు అన్నవాడి దగ్గరికి మధ్యవర్తిని పంపడం వృథా. ఇక పట్టుకో, పడుకో అనే రెండింటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో ఆ పిల్ల తనంతట తానే కనిపెట్టి చాలాసేపు నవ్వింది.

ఇంతవరకూ ఒక చిక్కు. మా ఇంట్లో దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. మాది మగ్గం ఇల్లు. మా బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది; అంతకు ఎన్నో తరాల ముందే దక్షిణం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు దేవాంగులు ఇక్కడ పట్టు నేశారు. అంచు మీద గుడి శిఖరాల్లాంటి కుంభాల వరుసతో నేసే ఫొడాకుంభ చీర, మగవారు కట్టే పట్టుబట్టల జోడు బరంపురం పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా పొందాయి. అలాంటి ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు 'పట్టు' అనే శబ్దం వినిపిస్తుందో, అందులో ఎన్నిసార్లు అది దారం, ఎన్నిసార్లు అది పని అనేది చిన్నప్పుడు నేనెన్నడూ లెక్కపెట్టలేదు. ఒక చీరకు ఎంత పట్టు పడుతుంది? ఆ చీర దిగడానికి ఎన్ని రోజులు పట్టింది? ఈ పట్టుకు ఆ రంగు పడుతుందా? ఇవి వ్యాకరణ పుస్తకానికి రాసుకున్న ఉదాహరణలు కావు, మా నాన్న వరండాలో కూర్చొని అడిగే మామూలు ప్రశ్నలు.

మా చిన్నాన్న రంగుల పొయ్యి చూసుకొనేవాడు. పురుగు గూడు నుంచి తీసిన దారం మీద సహజంగా ఒక జిగురు ఉంటుంది. దాన్ని సబ్బు, సోడా కలిపిన నీళ్ళలో మరిగించి వదిలిస్తారు. అలా వదిలిస్తే దారం బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. కొన్న బరువు కళ్ళముందే నీళ్ళలో కరిగిపోతుంటే తొందరపడి చిలపలు, అంటే దారపు కట్టలు, ముందే పైకి తీసే కుర్రవాళ్ళు ఉండేవారు. అప్పుడు మా చిన్నాన్న అరిచే మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "జిగురింకా ఒగ్గనేదురా, రంగెలగ పడతాది?" అది పట్టు అనే క్రియ వర్తమాన రూపం. జిగురు వదిలితే గాని పట్టుకు రంగు పట్టదు. ఈ చిన్న వాక్యంలో మొదటి పట్టు ఒక వస్తువు, రెండవది ఒక క్రియ. రెండూ ఒకటే మాట అని, దారాన్ని గట్టిగా పట్టుకొని లాగితే తెగదు కనుక దానికా పేరు వచ్చిందని చిన్నప్పుడు నేనే ఒక కథ అల్లుకున్నాను.

కథ అందమైనదే గాని నిజం కాదు. ఈ రెండూ వేర్వేరు పుట్టుకలు గల మాటలు. తమిళాన్ని చూస్తే సంగతి తేటపడుతుంది. అక్కడ చీరలోని పట్టును పట్టు అనే అంటారు, చేత్తో పట్టుకోవడాన్ని మాత్రం 'పఱ్ఱు' అని రాసి 'పట్రు' అన్నట్టు పలుకుతారు. వారి బండి 'ఱ'లు జంటగా వచ్చిన చోట మనకు జంట 'ట'లు వస్తాయి. వారి సుఱ్ఱు మన చుట్టు, వారి పుఱ్ఱు మన పుట్ట, వారి పఱ్ఱు మన పట్టు. అంటే పట్టుకొనే పట్టు ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. దారం పట్టు మాత్రం సంస్కృత, ప్రాకృతాల 'పట్ట' నుంచి వచ్చింది. ఆ పట్ట అనే మాటకు పలక, రేకు, గుడ్డపేలిక, తలపాగా, పట్టుబట్ట అని చాలా అర్థాలున్నాయి. రాజు నుదుటికి కట్టిన పట్టం నుంచి పట్టాభిషేకం, పట్టమహిషి వచ్చాయి. రేకు మీద రాసిచ్చిన హక్కు నుంచి పొలం పట్టా వచ్చింది. గాయానికి కట్టే పట్టీ కూడా ఆ ఇంటిదే. ఒడియావారు ఆ పట్టనే 'పాటొ' చేసుకొని, మా ఊరి చీరను బ్రహ్మపురి పాటొ అంటారు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన దూరపు బంధువొకరు వీధిలో ఆ మాట విని, "మీ ఊళ్ళో పాటలు కూడా అమ్ముతారా?" అని అడిగారు.

తమిళులు రెండుగా ఉంచుకొన్నదాన్ని మనం ఒకే ధ్వనిలో పోసేసుకున్నాం. నాకు ఇది నష్టంగా తోచదు. పట్టుచీర కట్టుకొని పట్టుబట్టి కూర్చున్న పెళ్ళికూతురు అన్నప్పుడు వినిపించే ఆ చిన్న గలగల తమిళంలో రాదు.

అసలు నన్ను ఎక్కువసేపు ఆపినది వేరొక సంగతి. పట్టడం అంటే చేతులున్నవాడు చేసే పని అని మనం అనుకుంటాం. గొడుగు పట్టాడు, పిల్లి ఎలుకను పట్టింది, పోలీసులు దొంగను పట్టారు. కానీ రోజంతా మన నోటి నుంచి వచ్చే పట్టులను ఏరి చూస్తే అందులో సగానికి చేతులే లేవు. నిద్ర పట్టింది, చెమట పట్టింది, కత్తికి తుప్పు పట్టింది, గుమ్మానికి చెద పట్టింది, ముక్కకు ఉప్పు పట్టింది, నడుము పట్టేసింది, సూర్యుడికి గ్రహణం పట్టింది. ఎవరూ పూనుకొని చేయలేదు, ఎవరినీ తప్పు పట్టలేం, అయినా పట్టు జరిగిపోయింది. ఇంకా వింతగా కొన్నింటిలో ఎవరు ఎవరిని పట్టారో తెలియకుండా వాక్యం తలకిందులవుతుంది. గోడ నాచు పట్టింది అంటాం. నాచు కదా గోడను పట్టుకొన్నది? ముసలాయన మంచం పట్టాడు అంటాం. మంచం కదా ఆయనను వదలనిది? ఆ మాట అన్నప్పుడల్లా రోగికి మిగిలిన కాస్త మర్యాదనూ భాష నిలబెడుతున్నట్టు నాకనిపిస్తుంది, కర్త స్థానమైనా ఆయనకు ఉంచినందుకు.

విభక్తిని గమనిస్తే ఇంకొక తేడా బయటపడుతుంది. వాణ్ణి దయ్యం పట్టింది అనవచ్చు, వాణ్ణి శని పట్టింది అనవచ్చు. నన్ను నిద్ర పట్టింది అని మాత్రం ఎవరూ అనరు. నాకు నిద్ర పట్టింది అనే అంటారు. దయ్యానికి, శనికి ఒక ఉద్దేశం ఉంది కనుక మనం వాటికి కర్మలమవుతాం. నిద్రకు, చెమటకు ఉద్దేశం లేదు కనుక అవి జరిగే చోటు మాత్రమే మనం. పిచ్చి కూడా వాడికే పడుతుంది గాని వాణ్ణి పట్టదు. అదృష్టమూ అంతే.

మరి దేవత? మా ఊళ్ళో రెండేళ్ళకొకసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. నేతవారి పెద్ద అయిన దేశీబెహరా గారు వెళ్ళి అమ్మవారిని పుట్టింటికి పిలుచుకొని వస్తారు. ఒడియా వారూ తెలుగు వారూ కలిసి చేసే ఆ జాతరలో రాత్రిళ్ళు ఘటాల వెంట నడిచే ఆడవారికి పూనకం రావడం నేను చాలాసార్లు చూశాను. అమ్మవారు పూనింది అంటారు, ఒంటి మీదికి వచ్చింది అంటారు. అమ్మవారు పట్టింది అన్నవారిని ఒక్కరినీ నేను వినలేదు. పట్టేది దయ్యం, పూనేది దేవత. వదిలించుకోవలసినదానికే పట్టు అనే మాట వాడతామన్నమాట, అని రాసుకొని, వెంటనే అదృష్టం గుర్తొచ్చి ఆ వాక్యం కొట్టేశాను.

ముసురు పట్టడం అనే మాట ఇక్కడి సముద్రతీరంలో ఊరికే అనేది కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో ఆకాశం మబ్బు పట్టడం దగ్గర మొదలై ఈ క్రియ ఎన్ని వేషాలు వేసిందో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంది. ఊడిపోతున్న తలుపును మా అన్నయ్య, నేను వంతులవారీగా పట్టుకొని నిలబడ్డాం. పైకప్పు నుంచి కారే నీటికి గిన్నెలు పట్టాం. గుంట మగ్గం గోతిలో ఎన్ని బిందెల నీళ్ళు పట్టాయో తర్వాత తోడినప్పుడు తెలిసింది. ఎవరికీ నిద్ర పట్టలేదు. వారం తర్వాత పెట్టె తెరిస్తే నేసి ఉంచిన రెండు చీరలకు మడతల్లో బూజు పట్టింది. బూజు పట్టిన పట్టు అని మా నాన్న అన్నది శ్లేష కోసం కాదు, ఆయనకు అప్పుడు అంత తీరిక లేదు.

గోపాల్‌పూర్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. అక్కడి మత్స్యకారులు తెలుగువారే. ఒడియావారు వారిని నొలియాలంటారు. చేపలు పట్టడం అనేది బజారులో కొనేవాళ్ళం అనే మాట. వాళ్ళు మాత్రం వేటకు వెళ్ళాం అంటారు. ఎదుటి ప్రాణికి కూడా కొంత తెలివి ఉందని, అది దొరకవచ్చు దొరకకపోవచ్చునని ఒప్పుకొనే మాట అది.

పట్టుకు వెనక 'కొను' చేరిస్తే అర్థం ఎంత దూరం జరుగుతుందో చూపడానికి మా పిల్లకు ఒక్క కాళ్ళనే తీసుకొన్నాను. నాయనమ్మకు కాళ్ళు పట్టాను అంటే సేవ. అధికారి కాళ్ళు పట్టుకొన్నాను అంటే దేబిరింపు. మెట్లెక్కేసరికి కాళ్ళు పట్టేశాయి అంటే వాతం. తప్పు పట్టడం వేరు, తప్పు పట్టుకోవడం వేరు: మొదటిది చేసేవారు చుట్టాల్లో దొరుకుతారు, రెండవది చేసేవారు అచ్చుపని చేసేచోట ఉండాలి. ఇంచు చేరిస్తే మరొక లోకం. పిండి పట్టించాలంటే మరకు వెళ్ళాలి, తలకు నూనె పట్టించాలంటే ఆదివారం రావాలి. ఇంచు, కొను రెండూ చేర్చి పట్టించుకోవడం అనే మాటను మన పూర్వులు ఎలా కనిపెట్టారో గాని, శ్రద్ధ అనే భావాన్ని అంత సూటిగా చెప్పే తెలుగు మాట వేరే లేదు. ఒక విషయం తనంతట తాను మనల్ని పట్టదు. దాని చేత మనల్ని పట్టించుకోవాలి.

నామవాచకంగా ఉన్న పట్టులను తొందరగా దాటేశాను. కుస్తీ పట్టు, పట్టు విడుపులు, బెణికిన చోట వేసే పట్టు, ఇవి అందరికీ తెలిసినవే. పట్టు పట్టరాదు అనే వేమన పద్యాన్ని ప్రతి ఇంట్లో ప్రతి పెద్దవారూ ఇప్పటికే ఎవరో ఒకరి మీద ప్రయోగించి ఉంటారు కనుక వదిలేస్తున్నాను. చోటు అనే అర్థం ఒక్కటి కొంచెం నిలబెట్టింది: ఉనికిపట్టు, ఆటపట్టు, ఆయువుపట్టు. పాత వ్యాఖ్యానాల్లో "ఈ పట్టున" అని రాసేవారు, ఈ సందర్భంలో అని. తేనెపట్టును కూడా ఈ వరుసలోనే చేర్చాలనిపిస్తుంది, ఈగలు పట్టు పట్టి కూర్చున్న చోటు కనుక.

చివరికి పట్టు అనే గుర్తే లేకుండా దాక్కున్న పట్టు ఒకటుంది. దాన్ని బట్టి, నువ్వు చెప్పబట్టి, రెండు రోజులబట్టి అనే మాటల్లో ఉన్నది పట్టియే, మొదటి అక్షరం మెత్తబడిందంతే. కొలత, కారణం, కాలం మూడింటినీ అదొక్కటే మోస్తోంది. కాబట్టి అనే మాటలో కూడా అదే ఉంది. ఈ వ్యాసంలో అది పడకుండా చూద్దామని మొదట అనుకొన్నాను, ఎందుకంటే ఒకసారి గమనించాక ప్రతి కాబట్టి దగ్గరా చూపు ఆగిపోతుంది. అందుకే పైన అంతా 'కనుక' అని రాసుకొంటూ వచ్చాను.

ఇదంతా ఒడియా తెలిసిన పిల్లకు చెప్పడం ఎలా? ఒడియాలో ఈ పనిని రెండు క్రియలు పంచుకొంటాయి. చేతులున్న పట్టుకు 'ధొరిబా' అంటారు. చేపను ధరిస్తారు, చేతిని ధరిస్తారు, బస్సును కూడా ధరిస్తారు. చేతులు లేని పట్టుకు చాలాచోట్ల 'లాగిబా' అంటారు, అంటుకోవడం అని దాని అసలు అర్థం. సమయొ లాగిలా అంటే సమయం పట్టింది. ఈ విభజన నా విభజనకు చక్కగా సరిపోయిందని నాకు ఒకటే సంబరం. ధొరిబా అనాలనిపిస్తే పట్టుకో, లాగిబా అనాలనిపిస్తే పట్టు, అని ఒక సూత్రం తయారుచేసి, మంగళవారం రాత్రి పదింటికి పంపాను. చదివిందని ఫోను చూపించింది. జవాబు పదకొండున్నరకు వచ్చింది.

"అత్తా, చాలా బాగా అర్థమైంది. ఇప్పుడు నాకు నిద్ర పట్టింది. రేపు రాస్తాను."

నిద్ర వస్తోందని చెప్పడానికి ఒడియాలో 'నిదొ లాగుచి' అంటారు. ఆకలీ చలీ కూడా అక్కడ లాగుతాయి. మనకైతే ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది, నిద్ర వస్తుంది. నేనిచ్చిన సూత్రాన్ని ఆ పిల్ల అక్షరాలా పాటించింది. నిద్ర పట్టినవారు ఆ సంగతి తెల్లారాక గాని చెప్పలేరని రాసి పంపాను. అది ఇంకా చదివినట్టు లేదు. ఈపాటికి నిజంగానే పట్టి ఉంటుంది.